చిన్నీ, ఆ అప్పు ముందే తీర్చకు

చిన్నీ,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు మీ ఏరియాకి నీళ్ళిచ్చే సంఘం, అదే వాటర్ సప్లై కార్పొరేషన్, బోర్డుకి నిలబడుతున్నావని చెప్పాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. టెక్సాస్ వచ్చిన మనవాళ్ళు ఇళ్ళు కొంటారు, స్థలాలు కొంటారు. కుళాయిలో నీళ్ళు ఎవరిస్తున్నారో మాత్రం బిల్లు పెరిగిన నెలలో తప్ప అడగరు. మా ఇంటిపిల్ల అడిగిందంటే గర్వంగా ఉంది. భయంగానూ ఉంది. ఆ కుర్చీలో ఆరేళ్ళు కూర్చున్నవాణ్ణి కదా.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. మీటింగు కాగితాలు ముందురోజే చదువు. మీటర్లు చూసే అతనితో ఒక పూటైనా ట్రక్కులో తిరుగు. మీటరు పెట్టె మూత వట్టి చేత్తో ఎత్తకు, లోపల కొరివిచీమలుంటాయి.

ఇక అసలు సంగతి.

మా బోర్డులో నేను ట్రెజరర్‌ని. మా పైపులన్నీ ఫెడరల్ వ్యవసాయ శాఖ ఇచ్చిన 40 ఏళ్ళ అప్పుతో వేసినవే. 2001లో చేతిలో కాస్త డబ్బు చేరింది. మీ తాతయ్య సంగతి నీకు పూర్తిగా తెలియదు. అప్పులవాళ్ళు వీధి అరుగు మీద కూర్చుంటే, ఆయన పెరటి గుమ్మంలోంచి పొలానికి వెళ్ళేవాడు. చివరికి రెండెకరాల మాగాణి వడ్డీ కిందే పోయింది. అప్పు అన్న మాట వింటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. అందుకే బోర్డులో పట్టుబట్టి మిగిలిన అసలంతా ఒక్కసారే కట్టించేశాను. ఆ రోజు మీ పెద్దమ్మ చేత పాయసం చేయించాను కూడా.

1961 నాటి ఫెడరల్ చట్టం ఒకటుంది. పల్లెల్లో నీళ్ళిచ్చే సంఘం ఈ ప్రభుత్వ అప్పు తీసుకుంటే, ఆ అప్పు ఉన్నంతకాలం పక్క నగరం ఆ ప్రాంతాన్ని తనలో కలుపుకున్నా సరే, సంఘం సేవకి కోత పెట్టకూడదు. ఖాతాదారులు పోతే అప్పు తీర్చేదెవరు, అందుకని. ‘అప్పు ఉన్నంతకాలం’ అన్న మాట చట్టంలో స్పష్టంగా ఉంది. నేను వడ్డీ లెక్క చూశాను, చట్టం చూడలేదు. ఆ అప్పే మాకు కంచె. దాన్ని నా చేత్తో నేనే పీకేశాను.

ఏడాదిన్నర తిరిగేసరికి పక్క నగరం హైవే వైపున్న మా ప్రాంతాన్ని కలిపేసుకుంది. ఆ ప్రాంతానికి నీళ్ళిచ్చే హక్కూ బాధ్యతా మావేనని రాష్ట్రం ఇచ్చిన సర్టిఫికెట్, అదే సీసీఎన్, ఉండనే ఉంది. కానీ నగరం పరిహారం చెల్లించి ఆ ప్రాంతాన్ని తన పేర రాయించుకునే దారి రాష్ట్ర నీటి చట్టంలోనే ఉంది. వచ్చిన పరిహారం రెండేళ్ళ మరమ్మతులకు సరిపోయింది. మాకు మిగిలినవి దూరదూరంగా ఉన్న ఇళ్ళు. రేటు పెంచక తప్పలేదు. ఆ తర్వాతి మీటింగుకి, లైను చివరింట్లో ఒంటరిగా ఉండే ముసలావిడ వచ్చింది. నాలుగు మడతలు పెట్టిన బిల్లు విప్పి, అరచేత్తో సాపుచేసి, నా ముందుకి జరిపింది. ఒక్క మాటా అనలేదు. అలా జరిపి వెళ్ళిపోయింది.

అందుకే నీతో ఇంత గట్టిగా చెప్తున్నాను. ఎవరైనా ‘ముందే కట్టేద్దాం, వడ్డీ మిగులుతుంది’ అంటే, లాయరు రాసిచ్చేదాకా చెయ్యి ఎత్తకు.

అప్పు ఉన్నంత మాత్రాన నిశ్చింత అనీ అనుకోకు. 1996లో మన టెక్సాస్ కేసులు వినే ఫెడరల్ అప్పీల్ కోర్టు, ఫిఫ్త్ సర్క్యూట్, ఆ రక్షణకి సర్టిఫికెట్ ఉండి నీళ్ళివ్వాల్సిన బాధ్యత ఉంటే చాలంది. 2020లో గ్రీన్ వ్యాలీ అనే నీటి సంస్థకీ షర్ట్జ్ నగరానికీ మధ్య కేసులో అదే కోర్టు పూర్తి బెంచి ఆ తీర్పుని పక్కన పెట్టేసింది. ఇప్పుడు హక్కు ఒక్కటే చాలదు, దగ్గర్లో పైపో, పంపో ఉండి తగిన సమయంలో నీళ్ళివ్వగలగాలి. పైగా 2011లో టెక్సాస్ చట్టం మారింది. కొన్ని కౌంటీల్లో, నీటి సేవ అందని 25 ఎకరాలో ఆపైనో ఉన్న యజమాని తన భూమిని మీ సర్టిఫికెట్ నుంచి తప్పించమని అడగొచ్చు. ఈ సర్టిఫికెట్లు చూసే రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీ కమిషన్ 60 రోజుల్లో తేల్చేస్తుంది. ఫెడరల్ అప్పుందన్న కారణం చూపి కాదనకూడదని కూడా ఆ చట్టంలో రాశారు. అందుకే సర్టిఫైడ్ పోస్టులో కవరు వస్తే, అలాంటి అర్జీ కావచ్చు, వచ్చిన రోజే విప్పించు. మేనేజరు సెలవులో ఉన్నాడని బల్ల మీద పడి ఉండనివ్వకు.

మ్యాపు పట్టుకుని నడువు తల్లీ. కాగితం మీద మీదైన చోట నేలలో పైపు ఎక్కడిదాకా ఉందో నీ కళ్ళతో చూడు. అక్కడిదీ మన నల్లరేగడే. ఆగస్టులో చెయ్యి దూరేంత నెర్రెలిచ్చి పైపుల్ని విరిచేస్తుంది. నిజంగా నీళ్ళివ్వలేని చోటుంటే పంతానికి పోకు. రెండంగుళాల పైపుతో కాలనీ మొత్తానికి నీళ్ళివ్వలేం. ఆ యజమాని కూడా నీళ్ళ కోసమే అడుగుతున్నాడు. నగరంతో కూర్చుని హద్దులు ఒప్పందంగా రాసుకోండి.

కోప్పడినట్టు రాశానా? నీ మీద కాదమ్మా. రాత్రి మీటింగులకి తిండి మానేసి వెళ్ళకు, పిల్లాడి గురించి బెంగపడకు, మీ అత్తగారు చూసుకుంటారులే. మోకాళ్ళు సహకరిస్తే ఎన్నిక రోజు నేనే వస్తాను.

ఈలోగా ఒక్కటి కనుక్కో. మీ అప్పు ఏ ఏడాదికి తీరుతుంది? ఆదివారం ఫోన్‌లో చెప్పు.

మీ పెదనాన్న