దాణాలో కలిపే జింక్ సల్ఫేట్: బస్తా విప్పడం నుంచి తూకం దాకా తీసుకోవలసిన జాగ్రత్తలు

20,000 లేయర్ (గుడ్లు పెట్టే) కోళ్లకు ఇటీవలే సొంతంగా దాణా కలుపుకోవడం మొదలుపెట్టామని, కోళ్లకు కావలసిన జింక్ అనే ఖనిజం కోసం కొత్తగా తెచ్చిన జింక్ సల్ఫేట్ మోనోహైడ్రేట్ బస్తా విప్పిన పనివారిలో ఒకరికి కళ్లు మండి తుమ్ములు పట్టుకున్నాయని, ఈ పొడి నిజంగా ప్రమాదకరమైనదేనా అని, నిరుడు వరిచేనుకు తెచ్చి మిగిలిపోయిన జింక్‌ను దీనికి బదులు వాడుకోవచ్చా అని మీరు అడిగారు. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక లేయర్ ఫారానికి దాణా తయారుచేసే మిల్లులో నేను 16 ఏళ్లుగా పర్యవేక్షకుడిగా పనిచేస్తున్నాను. మీ రెండో ప్రశ్నకు సమాధానం ఒక్క మాటలో చెప్పవచ్చు: వాడకండి. మొదటిదానికి మాత్రం వివరంగా చెప్పాలి. మా మిల్లులో ఒకతని కన్ను పోయేంత పని జరిగిన తరువాతనే ఆ విషయం నాకు బోధపడింది.

అది వానాకాలం. లోపలి ప్లాస్టిక్ సంచి మూతి సరిగా కట్టకుండా వదిలేసిన జింక్ సల్ఫేట్ బస్తా చెమ్మ పీల్చుకుని రాయిలా గడ్డకట్టింది. తూకం వేసే కుర్రవాడు ఆ గడ్డను ఇనుప కడ్డీతో కొడుతూ ఉండగా ఒక పెచ్చు చిట్లి, పొడితో సహా కంట్లో పడింది. అతను అదే పొడి అంటిన చేత్తో కన్ను నలుపుకున్నాడు. మేము మగ్గుతో రెండుసార్లు నీళ్లు చల్లి, మంట కొంచెం తగ్గిందని అతను అనగానే, ఇక పరవాలేదనుకున్నాము. సాయంత్రానికి కన్ను వాచి మూసుకుపోయింది. నల్లగుడ్డు మీది పొర దెబ్బతిన్నదని, ఆ క్షణంలోనే పావుగంట సేపు ఆపకుండా నీళ్లతో కడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని మరునాడు కంటి డాక్టరు చెప్పారు. చూపు నిలిచింది కానీ, మూడు వారాల పాటు అతను పనిలోకి రాలేకపోయాడు. మగ్గు నీళ్లతో సరిపెట్టింది నేనే కాబట్టి ఆ తప్పు నాదేనని ఇప్పటికీ అనుకుంటాను.

జింక్ సల్ఫేట్‌తో అన్నిటికంటే ముందుగా కాపాడుకోవలసింది కళ్లనే. ఈ పొడి నీళ్లలో చాలా తేలికగా కరుగుతుంది. కన్నీటిలో కరిగినప్పుడు ఆమ్ల గుణమున్న గాఢమైన ద్రావణంగా మారి, కంటి పైపొరలోని మాంసకృత్తులను గడ్డకట్టిస్తుంది. అందుకే అంతర్జాతీయ రసాయన వర్గీకరణలో దీనిని కంటికి తీవ్రమైన హాని చేసే పదార్థాలలో, మింగితే హాని చేసే పదార్థాలలో చేర్చారు. కంటి చుక్కల మందులో కూడా జింక్ సల్ఫేట్ ఉంటుంది కదా అని మా మిల్లులోనే ఒకరు నన్ను అడిగారు. ఆ మాట నిజమే, కానీ చుక్కల మందులో ఉండేది 0.25 శాతం మాత్రమే. బస్తాలో ఉన్నది దాదాపు పూర్తిగా ఆ లవణమే కనుక, దాని గాఢత సుమారు 400 రెట్లు ఎక్కువ.

మీ పనివారికి వచ్చిన తుమ్ములు ముక్కులోకి, గొంతులోకి పోయిన సన్నని పొడి వల్ల వచ్చినవే. మంట ఇంకా తగ్గకపోయినా, వెలుతురు చూడలేకపోతున్నా, చూపు మసకగా ఉన్నా ఈ సమాధానం చదువుతూ ఆగకుండా ఈ రోజే కంటి డాక్టరుకు చూపించండి. ఇకముందు ఎవరి కంట్లోనైనా పడితే, రెప్పలు విప్పి పట్టుకుని, ధారగా వచ్చే మంచినీళ్లతో కనీసం 15 నిమిషాలు గడియారం చూసుకుంటూ కడగాలి, ఆ తరువాతనే ఆసుపత్రికి బయలుదేరాలి. మేము ఆ సంఘటన తరువాత తూకం బల్లకు నాలుగు అడుగుల దూరంలో ఒక కుళాయి, దానికి మెత్తని రబ్బరు గొట్టం పెట్టించాము. ఒకవేళ పొడి నోట్లోకి పోతే నోరు పుక్కిలించి, 108కి ఫోన్ చేసి, బస్తా మీది లేబుల్‌ను డాక్టరుకు చూపించాలి. ఈ లవణం దానంతట అదే వాంతులు తెప్పిస్తుంది, కాబట్టి వేలు పెట్టి కక్కించే ప్రయత్నం చేయకూడదు.

ప్రమాదమంతా బస్తా విప్పడం, తూయడం, మిక్సర్‌లో పోయడం అనే మూడు పనుల దగ్గరే ఉంటుంది. ఈ మూడు పనులు చేసేటప్పుడు పక్కలు కూడా మూసి ఉండే గాగుల్స్ పెట్టుకోవాలి, మామూలు కళ్లజోడు చాలదు. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే సన్నని పొడి ఆగదు, ఎన్95 మాస్కు కావాలి. రబ్బరు చేతొడుగులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. ఫ్యాన్ ఆపివేయాలి. బస్తా మూతిని కత్తెరతో కత్తిరించి, ప్లాస్టిక్ చేటతో తీసుకుని, డబ్బా అడుగుకు దగ్గరగా దించి మెల్లగా పోయాలి. భుజం ఎత్తు నుంచి గుమ్మరిస్తే ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ దానిని పీలుస్తారు. గడ్డకట్టిన బస్తాను కడ్డీతో కొట్టవద్దు. ప్లాస్టిక్ సంచితో సహా గోనెసంచిలో చుట్టి, బయటి నుంచి చెక్క సుత్తితో మెల్లగా తట్టి, జల్లించి వాడుకోవచ్చు. బాగా నీరు పట్టి ఉంటే దానిలో జింక్ శాతం లేబుల్ మీద ఉన్నంత ఉండదు కాబట్టి, దానిని పక్కన పెట్టడమే మేలు. కింద పడిన పొడిని చీపురుతో లేపకుండా, కంప్రెసర్ గాలితో ఊదకుండా, చేటతో ఎత్తి ఆ తరువాత తడిగుడ్డతో తుడవాలి. చేతులు సబ్బుతో కడుక్కోకుండా టిఫిన్ దగ్గరకు గాని, బీడీ దగ్గరకు గాని పోకూడదు.

ఇక తూకం. కంటికి కనిపించే ప్రమాదం కాకపోయినా, మందకు ముప్పు ఇక్కడి నుంచే వస్తుంది. టన్ను దాణాకు 80 గ్రాముల జింక్ కలపాలని మీ పశువైద్యులు చెప్పారనుకుందాం. 35 శాతం జింక్ ఉన్న మోనోహైడ్రేట్ (నీటి పాలు తక్కువగా ఉండే సల్ఫేట్) అయితే దాదాపు 229 గ్రాములు, 21 శాతం ఉన్న హెప్టాహైడ్రేట్ (నీటి పాలు ఎక్కువగా ఉండే సల్ఫేట్) అయితే 381 గ్రాములు, 72 శాతం ఉన్న జింక్ ఆక్సైడ్ అయితే 111 గ్రాములు తూయాలి. ఈ మూడూ తెల్లగానే కనిపించవచ్చు, మా మిల్లులో అందరూ మూడింటినీ 'జింక్' అనే అంటారు. కాబట్టి బస్తా మారిన ప్రతిసారీ లేబుల్ మీద జింక్ శాతం ఎంతో చదివి, లెక్క మళ్లీ వేసి, తూకం చీటీ మీద ఇద్దరు సంతకం పెట్టిన తరువాతనే మిక్సర్ దగ్గరకు పంపే పద్ధతి మేము పాటిస్తున్నాము. గ్రాముల తూకానికి బస్తాలు తూచే కాటా పనికిరాదు, చిన్న ఎలక్ట్రానిక్ కాటా విడిగా ఉండాలి. దాణాలో జింక్ 10,000 నుంచి 20,000 పీపీఎం (టన్నుకు అన్ని గ్రాములు) దాకా చేరితే కోళ్లు మేత మానేసి, కొద్ది రోజుల్లోనే గుడ్లు పెట్టడం ఆపేస్తాయి. కోళ్లకు కావాలని ఈకలు రాల్పించి మళ్లీ గుడ్ల దశకు తేవడానికి ఈ గుణాన్నే ఒకప్పుడు వాడుకున్నారు. మొత్తం తూకం సరిగ్గానే ఉన్నా, పొడి సరిగా కలవక ఒకచోట ముద్దగా మిగిలితే, ఆ చోటి దాణా తిన్న కోళ్లకు అవసరానికి ఎన్నో రెట్లు అందుతుంది. అందుకే 229 గ్రాములను నేరుగా మిక్సర్‌లో వేయకుండా, ముందు ఐదు కిలోల మొక్కజొన్న రవ్వలో, ఆ ఐదు కిలోలను 50 కిలోల నూనె తీసిన తవుడులో కలిపి, ఆ తరువాత మిగతా దాణాలో కలపాలి. దీనివల్ల దుమ్ము కూడా బాగా తగ్గుతుంది.

వరిచేను జింక్ విషయానికి వస్తే, అది పొలానికి తయారైనది. జింక్ ఖనిజాలతో పాటు కాడ్మియం, సీసం సహజంగానే ఉంటాయి, పరిశ్రమల వ్యర్థాల నుంచి తయారయ్యే సల్ఫేట్‌లో అవి ఇంకా ఎక్కువగా ఉండవచ్చు. ఎరువుకు అనుమతించే పరిమితులను మేతను దృష్టిలో పెట్టుకుని నిర్ణయించలేదు. కాడ్మియం కోడి కాలేయంలో, మూత్రపిండాలలో పేరుకుపోతుంది. లేయర్ కోడి ఏడాదికి పైగా అదే దాణా తింటుంది, చివరికి మాంసంగా అమ్ముడవుతుంది కూడా. బస్తా మీద 'ఫీడ్ గ్రేడ్' (మేతకు తగినది) అని ఉండి, బ్యాచ్ నంబరుతో పరీక్ష నివేదిక ఇచ్చే వారి దగ్గరే కొనండి, ఆ నివేదికలో సీసం, కాడ్మియం అంకెలు ఉన్నాయో లేవో చూసుకోండి.

పేరు వల్ల వచ్చే ప్రమాదాలలో దీనికంటే పెద్దది ఇంకొకటి ఉంది. ఎలుకల మందుగా వాడే జింక్ ఫాస్ఫైడ్ కూడా చాలా గోడౌన్లలో ఉంటుంది. అది ముదురు బూడిద రంగులో ఉంటుంది, వెల్లుల్లి లాంటి వాసన వస్తుంది. కడుపులోని ఆమ్లం తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువును విడుదల చేస్తుంది, దానికి విరుగుడు మందు లేదు. ఒకసారి మా గోడౌన్‌లో దాని డబ్బా మీద ఎవరో పెన్నుతో 'జింక్' అని మాత్రమే రాసి, ఖనిజ లవణాల అలమారలోనే పెట్టారు. రంగు చూసి అనుమానం వచ్చి ఆపాము కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి ఎలుకల మందు మిల్లు ఆవరణలోనే లేకుండా, కార్యాలయంలో తాళం వేసిన పెట్టెలో ఉంటోంది. మీరు ఈ ఒక్క పనిని రేపటికి వాయిదా వేయకుండా ఈరోజే చూసుకోవాలని నా మనవి.

నిల్వ చేసేటప్పుడు జింక్ సల్ఫేట్‌ను చెక్క బల్లల మీద, గోడకు తగలకుండా, మూతి బిగించి ఉంచాలి. సల్ఫేట్ లవణాలు చెమ్మ తగిలినప్పుడు విటమిన్లను పాడుచేస్తాయి, కాబట్టి విటమిన్ ప్రీమిక్స్‌ను (ముందే కలిపి ఉంచిన విటమిన్ల పొడిని), నీటిని పీల్చే కోలిన్ క్లోరైడ్ అనే పోషకాన్ని వేరే గదిలో పెట్టండి. ఇనుప చేటలు, ఇనుప డబ్బాలు ఈ లవణానికి తుప్పు పడతాయి. మరో జాగ్రత్త కూడా గుర్తుంచుకోవాలి. జింక్ పూత ఉన్న రేకు తొట్టికి వెల్డింగ్ చేయిస్తే వచ్చే పొగ పీల్చిన మనిషికి కొన్ని గంటల తరువాత చలిజ్వరం, ఒళ్లు నొప్పులు, నోట్లో లోహపు రుచి వస్తాయి. మా వెల్డర్‌కు వచ్చినప్పుడు మలేరియా అనుకున్నాము. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోయింది కానీ, ఆ పని ఆరుబయట, గాలి తగిలే చోట చేయించి ఉంటే అసలు వచ్చేదే కాదు.

ఖాళీ బస్తాలను, కడిగిన నీళ్లను చెరువులోకి, కాలువలోకి వదలకండి. కరిగిన జింక్ చేపల మొప్పలను దెబ్బతీస్తుంది, నీటిలోని ప్రాణులకు ఇది చాలా తక్కువ మోతాదులోనే విషం. చేపల చెరువులు, రొయ్యల చెరువులు పక్కపక్కనే ఉండే మన ప్రాంతంలో మీ మిల్లు కడిగిన నీళ్లు ఎవరి చెరువులోకి చేరతాయో ముందు చూసుకోండి. మేము ఖాళీ సంచులను దులపకుండా మడిచి, విడిగా కట్టి, పాత సంచులు కొనేవారికి గాని, ధాన్యానికి గాని ఇవ్వకుండా సరఫరాదారుకే తిప్పి పంపుతున్నాము. మీ బస్తా లేబుల్ మీద జింక్ శాతం ఎంత ఉందో, మీ మిక్సర్ ఎన్ని కిలోలదో రాస్తే, తూకం లెక్క వేసి ఇస్తాను.