ఒమాహా బీచ్‌కి వెళ్తే ఆటు చూసుకుని వెళ్లు

ఒరేయ్ చిన్నా,

పారిస్ నుంచి పిల్లలతో నార్మండీ వెళ్తున్నారట, మీ నాన్న చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లతో పోరాడ్డానికి అమెరికన్ సైనికులు పడవల్లో వచ్చి దిగిన ఒమాహా బీచ్ అక్కడే. ఉండేది ఒక్క రోజే అంటున్నావు కాబట్టి నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. నేను ముందు కొలవిల్‌లో గట్టు మీదున్న అమెరికన్ సైనికుల సమాధులకి వెళ్లాను, 9,300కి పైగా తెల్లటి పాలరాళ్లు, అక్కడే సగం రోజు గడిచిపోయింది, తీరా కిందికి దిగేసరికి సముద్రం పోటు మీద ఉంది. ఇదేనా ఒమాహా బీచ్, నాలుగు బారల ఇసుక కూడా లేదే అనుకున్నాను.

మన సూర్యలంకలా కాదురా, అక్కడ ఆటుకీ పోటుకీ తేడా ఒక్కోసారి 7 మీటర్ల దాకా ఉంటుంది. ఆ రోజు ఆటు ఎన్నింటికో ఫోన్‌లో చూసుకుని ముందు బీచ్‌కే వెళ్లు, అదీ వియెర్విల్ వైపుకి. మీరుండే వర్జీనియాలోని బెడ్‌ఫర్డ్ అనే చిన్న ఊరి కుర్రాళ్లు దిగింది అక్కడే, దాదాపు ఇరవై మంది ఆ ఒక్క రోజే పోయారు.

నీళ్ల అంచు దాకా నడిచి, అప్పుడు వెనక్కి తిరిగి చూడు. 1944 జూన్ 6 పొద్దున ఆరున్నర ప్రాంతంలో పడవ తలుపు తెరుచుకోగానే వాళ్లకి కనపడింది అదే, సుమారు 300 మీటర్ల బోసి ఇసుక, దాని వెనక మిట్ట మీద జర్మన్ మెషిన్‌గన్లు. నిండు పోటు మీద వస్తే అంత దూరం పరిగెత్తే పని తప్పేది కదా అని నాకూ డౌటొచ్చింది. కానీ ఇసుకలో పాతిన దుంగలకి జర్మన్లు మందుపాతరలు కట్టారు, నీళ్లు నిండితే అవి పడవలకి కనపడవు. అందుకే ఆటులో దిగారు, వెంటనే వెనక నుంచి పోటు మొదలైంది, దెబ్బ తగిలి కదల్లేక ఇసుకలో పడున్నవాళ్లని నీళ్లు ముంచేశాయి.

మీరు బ్యాగులు భుజానేసుకుని ఆ అంచు నుంచి రోడ్డు పక్క గోడ దాకా ఆగకుండా నడవండి. నా మోకాళ్లకి ఎంతసేపు పట్టిందో అడక్కు.

అన్నట్టు, గోడ దాటాక అడ్డొచ్చిన ముళ్లకంచెని పేల్చడానికి వాళ్లు వాడిన పొడుగాటి గొట్టం పేరు బెంగళూరు టార్పెడో. 1912లో మన బెంగళూరులోనే, మద్రాస్ శాపర్స్ అనే సైనిక ఇంజినీర్ల దళంలోని బ్రిటిష్ ఆఫీసరొకాయన తయారుచేశాడు. పిల్లలకి చెప్పు, భలే వింటారు.

సమాధులకి ఆ తర్వాత వెళ్లండి. జూన్‌లోనూ గాలి చల్లగానే ఉంటుంది, స్వెట్టర్లు పెట్టుకోండి. నీళ్లు తిరగబడగానే పిల్లల్ని పైకి తెచ్చెయ్, అక్కడ పోటు చాలా తొందరగా ఎక్కుతుంది.

మీ పెదనాన్న