లాక్స్టన్ వెళ్లేముందు

అమ్మలూ,

డిసర్టేషన్‌కి లాక్స్టన్ ఊరు, అదే కంచెల్లేని పెద్ద పొలాల్లో రైతులు చెక్కలుగా పంచుకుని పాతపద్ధతిలో సాగుచేసే ఊరు, ఎంచుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "ఇంగ్లండు పంపింది పొలాలు చూడ్డానికా?" అని అది గొణిగింది గానీ, నాకైతే ఛాతీ ఉప్పొంగింది. నవంబరు చివర్లో, అదీ ఒక్కదానివే వెళ్తున్నావంటేనే టెన్షన్.

బూట్లు, రెయిన్‌కోటు, ఫోన్ ఛార్జి. ఇవి నేను చెప్పక్కర్లేదు.

వెళ్లేముందు 1635లో మార్క్ పియర్స్ గీసిన ఆ ఊరి పటం తీరిగ్గా చూడు. అసలుది ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. రెండువేలకు పైగా మడిచెక్కలు విడివిడిగా గీశాడు మహానుభావుడు. తర్వాత చాలావాటిని కలిపేశారు కాబట్టి అవన్నీ నేల మీద వెతక్కు. వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్ అనే మూడు పెద్ద పొలాలు మాత్రం ఉన్నాయి. ఏటా ఒకదాంట్లో శీతాకాలపు గోధుమ, ఇంకోదాంట్లో వసంతంలో వేసే పైరు, మూడోది బీడు లేదా పశువుల మేత.

ఇక మీ పెదనాన్న నిర్వాకం విను. మేం నాటింగ్‌హామ్‌లో ఉన్న రోజుల్లో ఇదే కాలంలో వెళ్లాం. కరణం గారి మనవడు కదా, హద్దులంటే తనకే తెలుసని ధీమా. ఎదురుగా పచ్చగా కనిపిస్తే పచ్చిక అనుకుని అడ్డంగా నడిచేశారు, పైగా నన్నూ రమ్మని చెయ్యి ఊపారు. అది మొలకెత్తిన గోధుమ! వరి నారుమడిని ఆమడ దూరం నుంచి పోల్చే మనిషికి గోధుమ మొలక తెలియలేదు. గట్టు ఉంటుందనుకున్నారు, అక్కడ ఒకరి చెక్కకీ పక్కవాడి చెక్కకీ మధ్య ఒక్క చాలే. బండిబాట మీద నిలబడ్డ రైతు, ఈయన బూట్లకి ఎర్ర బంకమట్టి దిబ్బలు కట్టుకుని అవతలికి చేరేదాకా ఆగి, "అది నా గోధుమండీ" అన్నాడు నెమ్మదిగా. తిట్టినా బాగుండేది. దారంతా ఈయన నోరు విప్పలేదు.

నీకూ ఆయన తొందరే వచ్చింది, అందుకే చెప్తున్నా. వంగి చూడు. మొలకలు వరసగా ఉండి మధ్యలో మట్టి కనిపిస్తే పైరు. గుబురుగా ఉండి ఎండిన పూలకాడలు నిలబడి ఉంటే సైక్, అంటే దున్నకుండా వదిలేసిన గడ్డి నేల. అనుమానమొస్తే బాట దిగొద్దు.

నువ్వెళ్లే రోజుల్లోనే జ్యూరీ, అంటే ఊరి రైతుల బృందం, గోధుమ పొలమంతా తిరిగి హద్దు గుంజలు పాతుతుంది. బాటలోకో సైక్‌లోకో నాగలి జరిపినవాడి పేరు రాసుకుంటుంది. వారం తర్వాత ఊరి పబ్బు డవ్‌కోట్ ఇన్‌లో కోర్ట్ లీట్ అనే పాతకాలపు ఊరి కోర్టు కూర్చుని చిన్న జరిమానా వేస్తుంది. మన ఊళ్లో రెండు చాళ్ల తగాదాకి మీ పెదనాన్న తాతగారు వకీలు ఫీజులకే పొలం అమ్ముకున్నారు. ఆ గుంజల దగ్గర ఈయన్ని కదిలించడం నా తరం కాలేదు.

దేశమంతా పొలాలకు కంచెలు పడినా, ఈ ఊరి భూస్వాములు మాన్వర్స్, స్కార్‌బ్రో వంశాలు ఒక మాట మీదకి రాక ఇది మిగిలిందంటారు. 1952లో వ్యవసాయ శాఖ, తర్వాత క్రౌన్ ఎస్టేట్, 2020లో థోర్స్‌బీ ఎస్టేట్ చేతికొచ్చింది. అయినా జ్యూరీ తిరగడం మానలేదు. నీ డిసర్టేషన్ అక్కడ మొదలుపెట్టు, చర్చి తర్వాత చూడొచ్చు. కోట దిబ్బ ఎక్కితే చెవులకి గుడ్డ కట్టుకో.

నాలుగింటికే చీకటి పడుతుంది. తిరుగు బస్సు టైము ముందే రాసుకో, ఫోన్‌ని నమ్మకు. రూముకి చేరగానే ఫోన్ చెయ్యి. మెసేజ్ కాదు, ఫోన్.

మీ పెద్దమ్మ