సబ్‌మెరీన్ చూడ్డానికి చికాగో నుంచి మానిటోవాక్ దాకా వెళ్లొచ్చా?

పదేళ్ల బాబుతో, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారితో మానిటోవాక్‌లోని విస్కాన్సిన్ మారిటైమ్ మ్యూజియానికి వెళ్లడం దండగేమో అని అడిగారు కదండీ. దండగ కాదు, తప్పకుండా వెళ్లండి. మేం మిల్వాకీలో ఉంటాం, ఇప్పటికి రెండుసార్లు వెళ్లొచ్చాం.

నాది వైజాగ్. కాలేజీ రోజుల్లో ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా మార్చిన కురుసుర సబ్‌మెరీన్ ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు. అదే కళ్లతో ఇక్కడి మ్యూజియం సబ్‌మెరీన్ కోబియాని చూశాను. కురుసుర ఒడ్డెక్కేసింది. కోబియా ఇంకా నదిలోనే తేలుతోంది. లోపల నడుస్తుంటే కాళ్ల కింద సన్నగా కదలిక తెలుస్తుంది.

ఒక్క మాట మాత్రం వినండి: తిన్నగా సబ్‌మెరీన్‌లోకి దిగిపోకండి, ముందు మ్యూజియంలో ఆ ఊరి కథ చూడండి. సముద్రం ఎక్కడో వందల మైళ్ల అవతల. అయినా రెండో ప్రపంచ యుద్ధంలో ఈ చిన్న ఊరు 28 సబ్‌మెరీన్లు కట్టింది. నది ఇరుకు కాబట్టి వాటిని పక్కవాటుగా నీళ్లలోకి తోసేవారు. అవి మిషిగన్ సరస్సు దాటి, చికాగో మీదుగా కాలువలు, నదులు పట్టుకుని, తేలే డ్రైడాక్ (ఓడని ఎత్తి మోసే తేలే వేదిక) మీద మిసిసిపీ నదిలో న్యూ ఆర్లీన్స్ దాకా వెళ్లేవి. ఆ 28లో నాలుగు యుద్ధం నుంచి తిరిగి రాలేదు. కోబియా ఇక్కడ పుట్టింది కాదు, కనెటికట్‌లో కట్టారు. సబ్‌మెరీన్లలో పనిచేసినవాళ్ల జ్ఞాపకంగా 1970లో ఇక్కడికి తెచ్చారు.

ఇక లోపల. ముందువైపు టార్పెడోలు, అంటే నీళ్లలో దూసుకెళ్లి ఓడల్ని పేల్చే ఆయుధాలు, ఉండే గదిలో మా వాడు నోట మాట లేకుండా నిలబడిపోయాడు. వాటి పైనా పక్కనా పడకలు. పై పడకకీ కింది పడకకీ మధ్య చాలా కొద్ది జాగా, అంతే. పక్కకి తిరిగి పడుకోవాలంటే భుజం తగులుతుంది. "నాన్నా, వీళ్లకి భయం వేయదా?" అన్నాడు. ఎనభై మంది అలా నెలల తరబడి బతికారు. 1944 జులైలో ఈ కోబియానే జపాన్ దీవి ఇవో జిమాకి ట్యాంకులు తీసుకెళ్తున్న జపాన్ ఓడని ముంచింది. తన మనుషుల్లో యుద్ధంలో పోయింది ఒక్కడే, 1945 ఫిబ్రవరిలో, పైన డెక్ మీద తుపాకీ దగ్గర. గైడ్ ఆ సంగతి చెప్పినప్పుడు అందరం కాసేపు మాట్లాడలేదు.

అమ్మగారి విషయానికొస్తే, సబ్‌మెరీన్‌లోకి దింపకండి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే మోకాలెత్తు గడప మీంచి కాలెత్తి, తల వంచి దూరాలి. మా అత్తయ్యగారు మొదటి గడప దగ్గరే వెనక్కి తిరిగారు. మ్యూజియంలో ఒక పాత ఫెర్రీ నుంచి తెచ్చిన పెద్ద ఆవిరి ఇంజను ఉంది, 65 టన్నులు. మేం తిరిగొచ్చేసరికి ఆవిడ దాని ముందే కూర్చుని ఉన్నారు, ఇంకాసేపు ఉందాం అన్నారు.