బెడ్‌టైమ్‌ని తెలుగులో ఏమనాలి? ‘పడక’ ఎక్కడి నుంచి వచ్చింది?

బాబు టైంటేబుల్ తెలుగులో రాస్తూ బెడ్‌టైమ్ దగ్గర ఆగిపోయానన్నారు. ‘నిద్రా సమయం’ అని రాస్తే సరిపోతుందా, పడక అన్న మాట ఎలా పుట్టింది అని అడిగారు. ఈ మాటల గొడవ మా ఇంట్లో చాలాకాలం నడిచింది కాబట్టి చెబుతున్నాను.

మాది రాజమండ్రి దగ్గర పల్లె. అన్నాలయ్యాక మా నాయనమ్మ “పొద్దుపోయింది, తొంగోండర్రా” అనేది. మా ఆవిడది వరంగల్. పెళ్లయిన కొత్తలో రాత్రిపూట మామయ్యగారి కోసం ఫోన్ చేస్తే అత్తయ్యగారు “పండుకున్నరు” అనేవారు. మా పాపకి మూడేళ్లప్పుడు వాళ్లమ్మ “ఇగ పండుకో” అంటే “ఏ పండు?” అని లేచి కూర్చుంది. పడుకోవడం యాసలో అలా మారిందని నేను చాలాకాలం అనుకున్నాను, ఒకట్రెండుసార్లు వేళాకోళం కూడా చేశాను. తీరా చూస్తే బ్రౌన్ నిఘంటువులో ‘పండుకొను’ కూడా ఉంది. ఇక నోరెత్తలేదు.

మూలం ‘పడు’. కింద పడటం, ఒరగటం రెండూ అందులోనే ఉన్నాయి. దానికి ‘కొను’ చేరితే పడుకొను. అదే పడు నుంచి పడక. తమిళంలోనూ పక్కని పడుక్కై అంటారు. నాకు బాగా నచ్చింది మాత్రం ఇంకోటి: పడమర కూడా ఈ పడు నుంచి వచ్చిందే. పొద్దు వాలే దిక్కు కాబట్టి పడమర, కన్నడంలో పడువణ. ఇది పాపకి చెబితే “అయితే సూర్యుడు కూడా తొంగుంటాడా?” అంది. నాయనమ్మ ఉంటే మురిసిపోయేది.

నిద్ర, శయనం, శయ్య మాత్రం సంస్కృతం నుంచి వచ్చాయి. పడుకోవడం అని అర్థమున్న ‘శీ’ ధాతువు నుంచి శయ్య పుట్టింది. జలాశయంలోని ఆశయం కూడా అక్కడిదే, నీళ్లు పడుకునే చోటన్నమాట. సంశయం కూడా ఆ కుటుంబంలోదే. రాత్రి రెండింటికి టెన్షన్‌తో పక్కమీద దొర్లేవాడికి ఆ చుట్టరికం వేరే వివరించక్కర్లేదు.

పవళించడం, పాన్పు అందమైన మాటలే కానీ, వాటిని దేవుడికి వదిలేశాం. గుళ్లో పవళింపు సేవ, విష్ణువుకి శేషపాన్పు. ఇంట్లో ఎవరైనా “నాన్నగారు పవళించారు” అంటే వెటకారం అనుకుంటారు.

ఇక మీ టైంటేబుల్ సంగతి. ‘నిద్రా సమయం’ తప్పు కాదు గానీ హాస్టల్ నోటీసు బోర్డులా ఉంటుంది. పైగా బెడ్‌టైమ్ అంటే నిద్రపోయే సమయం కాదు, పక్కమీదికి చేరే సమయం. ఆ రెంటికీ మధ్య మా ఇంట్లో కనీసం రెండు కథలు, మూడుసార్లు మంచినీళ్లు ఉంటాయి. ‘పడుకునే వేళ’ అని రాయండి. ‘వేళ’ సంస్కృతంలోని ‘వేలా’ నుంచి వచ్చింది. అక్కడ వేలా అంటే కాలమే కాదు, హద్దు, సముద్రపు ఒడ్డు కూడా. మీ ఇంట్లో పండుకునే అలవాటుంటే ‘పండుకునే వేళ’ అనే రాయండి. బాబు పండు అడిగితే ఓ అరటిపండు ఇచ్చి పడుకోబెట్టండి.