చిన్నికి, నీ వెబ్ టెలిస్కోప్ ప్రపోజల్ గురించి

చిరంజీవి చిన్నికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ మీద టైమ్ అడుగుతూ నువ్వు రాసి పంపిన డ్రాఫ్ట్ నిన్న రాత్రి రెండుసార్లు, ఈ పొద్దున ఇంకోసారి చదివాను. సైన్స్ బాగుంది. కానీ అది ఇంకా ప్రపోజల్ కాలేదమ్మా. నీకు బాధ కలుగుతుందని తెలిసినా ముందే చెప్తున్నాను. గడువుకి ఇంకా ఏడు వారాలుంది కాబట్టి సరిచేసుకోవచ్చు.

పోటీ ఎంతుందో అంకెల్లో చూడు. 2024 అక్టోబర్ 15న గడువు ముగిసిన నాలుగో సైకిల్‌కి, అంటే నాలుగో విడతకి, వెబ్ టెలిస్కోప్ కోసం 2,377 ప్రపోజల్స్ వచ్చాయి. అందరూ కలిసి అడిగింది సుమారు 78,000 గంటలు, దొరికింది దాదాపు 8,500. తొమ్మిది గంటలు అడిగితే ఒక గంట వచ్చినట్టు. వెనక్కి వెళ్లినవాటిలో చాలావరకు మంచి సైన్సే ఉంటుంది. అందుకని మన పని బాగుండడం ఒక్కటే చాలదు. ఈ ప్రశ్న ఇప్పుడే ఎందుకు, ఈ టెలిస్కోప్‌తోనే ఎందుకు అన్నదానికి జవాబు కనబడాలి. నీ డ్రాఫ్ట్‌లో ఆ జవాబు మూడో పేజీ అడుగున ఉంది.

దాన్ని చదివేది ఎవరో ఒకసారి ఊహించుకో. నేను ఇలాంటి ప్యానెళ్లలో కూర్చున్నాను. ఒక్కొక్కరికీ కట్టలు కట్టలుగా ప్రపోజల్స్ వస్తాయి. పగలంతా తమ ఉద్యోగం చేసుకుని, భోజనాలయ్యాక వాటి ముందు కూర్చుంటారు. నీలా డిస్క్‌ల మీద, అంటే కొత్త నక్షత్రాల చుట్టూ గ్రహాలు పుట్టే వాయువు, ధూళి పళ్లాల మీద, పనిచేసేవాళ్లు ప్యానెల్‌లో ఒకరో ఇద్దరో ఉంటారు. మిగతావాళ్లలో ఒకరిది నక్షత్రాల వాతావరణం, ఇంకొకరిది ఎక్సోప్లానెట్లు, అంటే వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలు. ముందు ఎవరికి వాళ్లు మార్కులు వేస్తారు, ఆ మార్కుల్లో బాగా కిందపడినవి చర్చ దాకా కూడా రావు. ఎక్సోప్లానెట్ల మనిషి రాత్రి పదకొండింటికి నీ మొదటి పేరా చదివి, ‘అవును, ఇది తెలుసుకోవాల్సిందే’ అనుకోవాలి. నీ రాత అంతా ఆ ఒక్క మనిషి కోసం.

ఇప్పుడు నీ మొదటి వాక్యం చూద్దాం. ‘గ్రహాలు ఎలా ఏర్పడతాయన్నది ఖగోళశాస్త్రంలో మౌలికమైన ప్రశ్న’ అని మొదలుపెట్టావు. ఆ కట్టలో ఇంకెన్నో ప్రపోజల్స్ ఇదే మాటతో మొదలవుతాయి. నీ అసలు ప్రశ్న దీనికన్నా చాలా చిన్నది, చాలా గట్టిది. చిన్న ఎర్ర నక్షత్రాల చుట్టూ ఉన్న డిస్క్‌ల లోపలి భాగంలో నీటి కన్నా హైడ్రోకార్బన్లే (కార్బన్, హైడ్రోజన్ కలిసిన అణువులే) ఎక్కువ కనబడుతున్నాయి. వెబ్ చూసి, 2024లో ఫలితాలు వెలువడిన ఐసో-ఛా-వన్ 147 అనే నక్షత్రం సూర్యుడి బరువులో పదో వంతుకి కాస్త పైన ఉంటుంది. దాని డిస్క్‌లో కార్బన్ ఉన్న అణువులే పదమూడు రకాలు దొరికాయి. ఎందుకలా? మంచు పట్టిన గులకరాళ్లు త్వరగా లోపలికి జారిపోయి, తమతో తెచ్చిన నీటిని ముందే ఖర్చు చేసేసి, ఆ తర్వాత బయటినుంచి కార్బన్ ఎక్కువున్న వాయువు మాత్రమే వస్తోందా? అదే నిజమైతే డిస్క్ వయసు పెరిగేకొద్దీ నీరు తగ్గి హైడ్రోకార్బన్లు పెరగాలి. కమీలియన్ మేఘంలోని పిల్ల డిస్క్‌లు ఆరు, అప్పర్ స్కార్పియస్ నక్షత్రాల గుంపులోని వయసు మళ్లిన డిస్క్‌లు ఆరు పక్కపక్కన పెడితే అది తేలుతుంది. ఇదే నీ ప్రపోజల్. ఈ నాలుగైదు వాక్యాలు మొదటి పేరాలోకి రావాలి. ‘మౌలికమైన ప్రశ్న’ తీసెయ్.

దానితోపాటు నువ్వు రాయనిది ఒకటుంది. వయసుతో తేడా కనబడకపోతే ఏమవుతుంది? ప్యానెల్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, నేనైనా అడిగేదాన్ని. తేడా కనబడితే గులకరాళ్ల జారుడు కథ నిలబడుతుంది. కనబడకపోతే కారణం వయసు కాదు, నక్షత్రం బరువో, ఆ డిస్క్ పుట్టుకో అని తెలుస్తుంది. రెండు దారుల్లోనూ మనకి ఒక కొత్త సంగతి దక్కుతుంది. నువ్వు ఆశించిన జవాబు వస్తేనే పనికొచ్చే అబ్జర్వేషన్‌కి గంటలు ఇవ్వడానికి ఎవరూ ఇష్టపడరు. ఈ సంగతి సూటిగా ఒక పేరాలో రాయి.

ఆరూ ఆరూ ఎందుకు? నాలుగు చాలవా, పది కావాలా? ‘ప్రతినిధి నమూనా’ అని రాసి వదిలేశావు. నా ప్రపోజల్ ఒకటి రెండేళ్లు వరుసగా సరిగ్గా ఇక్కడే ఆగిపోయింది. టార్గెట్ల సంఖ్యకి కారణం చెప్పలేదని రెండుసార్లూ కామెంట్ వచ్చింది. మొదటిసారి చదివి పట్టించుకోలేదు, దానికి ఒక ఏడాది పోయింది. మూడోసారి ఒక చిన్న సిమ్యులేషన్ చేసి, ఎన్ని నక్షత్రాలు చూస్తే ఎంత తేడా పట్టుకోగలమో ఒక బొమ్మలో చూపించాను. అప్పుడు వచ్చింది. నీకు అది రెండు రోజుల పని. ఆ బొమ్మ కోసం ఇప్పుడున్న రెండో బొమ్మ తీసెయ్, అది చూడ్డానికి అందంగా ఉంది కానీ ఏమీ చెప్పడం లేదు.

వెబ్బే ఎందుకు అన్నదానికి నీ దగ్గర చాలా బలమైన జవాబు ఉంది. పరారుణ కాంతిలో 13.7 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఎసిటిలీన్, 14 దగ్గర హైడ్రోజన్ సయనైడ్, 15 దగ్గర కార్బన్ డయాక్సైడ్ కనబడతాయి. భూమ్మీదనుంచి చూద్దామంటే మన గాలిలోని కార్బన్ డయాక్సైడే ఆ 15 మైక్రాన్ల దగ్గర అడ్డం వస్తుంది. నాసా పాత టెలిస్కోప్ స్పిట్జర్ అంతరిక్షంలోనే పనిచేసేది కానీ దాని అద్దం 85 సెంటీమీటర్లు. వెబ్‌ది 6.5 మీటర్లు. స్పిట్జర్‌కి ఒక్క దిబ్బలా కనబడినదాన్ని వెబ్‌లోని మిరి అనే పరికరం స్పెక్ట్రోమీటర్ విడివిడి గీతలుగా చూపిస్తుంది. ఇంత ఉన్నా ‘వెబ్‌కి ఉన్న అసమాన సామర్థ్యం’ అని రాశావు. విశేషణం వద్దు, ఈ అంకెలు రాయి. నీ ప్రశ్న అతినీలలోహిత కాంతితో తేలేదైతే 2015లో శ్రీహరికోట నుంచి వెళ్లిన మన ఆస్ట్రోశాట్‌కి రాయమనేదాన్ని. ఒక టెలిస్కోప్ పేరు గొప్పదని దానికి రాయకూడదు, ప్రశ్న ఎక్కడ తేలుతుందో అక్కడికే వెళ్లాలి. నీది నిజంగానే వెబ్ దగ్గర తేలే ప్రశ్న.

ఆర్కైవ్ చూశావా? నీ పన్నెండు టార్గెట్లలో రెండిటికి మిరి డేటా ఇప్పటికే ఉందేమోనని నా అనుమానం. వెబ్ డేటా దాచే మాస్ట్ ఆర్కైవ్‌లో ఒక్కో పేరూ వెతుకు. మామూలుగా వెబ్ డేటా ఏడాదిపాటు అడిగినవాళ్ల చేతిలోనే ఉంటుంది, తర్వాత అందరిదీ. ఉన్నదాన్నే మళ్లీ అడిగితే నువ్వు హోమ్‌వర్క్ చెయ్యలేదని ప్యానెల్‌కి అర్థమైపోతుంది. ఉన్న డేటాని వాడుకుని మిగతా పదికే టైమ్ అడిగితే మాత్రం నీ మీద నమ్మకం పెరుగుతుంది.

ఇంకో సంగతి. నీ పేరు, మీ సంస్థ పేరు ఎక్కడా కనబడకూడదు. ‘మా గత పరిశోధనలో మేము చూపినట్టు’ అని రెండుచోట్ల రాశావు, తీసెయ్. నీ పేపరైనా సరే వేరేవాళ్లదిలాగే నంబరుతో ఉదహరించు. ఎవరు రాశారో చదివేవాళ్లకి తెలియని ఈ పద్ధతి 2018లో హబుల్ 26వ సైకిల్‌తో మొదలైంది. అంతకుముందు ఏళ్ల తరబడి మగవాళ్లు ముందుండి రాసినవాటికే ఎక్కువ శాతం ఆమోదం దక్కేది. ఆ సైకిల్‌లో ఆడవాళ్లది 8.7 శాతం, మగవాళ్లది 8 శాతం. ఆ అంకెలు చూసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. మా తరంలో పెద్ద పేరున్న సంస్థ అడ్రస్ లేకపోతే ఎంత కష్టమో నేను చూశాను. ఇప్పుడు టీమ్ అనుభవం గురించి రాసే పేజీ వేరేగా ఉంటుంది, ర్యాంకులు అయ్యాకే దాన్ని తెరుస్తారు. హైదరాబాద్‌లో కూర్చున్న పీహెచ్‌డీ విద్యార్థిని రాసిన ప్రశ్న, అమెరికాలో పెద్ద ప్రొఫెసర్ రాసిన ప్రశ్న ఒకే బల్ల మీదికి వస్తాయి. ఏ దేశం వాళ్లైనా అడగొచ్చు. అమెరికా డబ్బు సాయం మాత్రం మనకి రాదు, దానికి మీ గైడ్‌తో ముందే మాట్లాడుకో.

గంటల లెక్క తప్పింది. 12 గంటలు అని రాశావు, అది కాంతి పట్టే టైమ్ ఒక్కటే. టెలిస్కోప్ ఒక టార్గెట్ నుంచి ఇంకోదానికి తిరగడానికి అరగంట చొప్పున లెక్కగడతారు. పన్నెండు టార్గెట్లకి అక్కడే ఆరు గంటలు. మిగతా ఖర్చులు కూడా కలిపితే నా అంచనాలో ఆ 12 రెట్టింపవుతుంది. ఎక్స్‌పోజర్ క్యాలిక్యులేటర్‌లో ఒక్కో నక్షత్రానికీ వేరుగా లెక్క చేసి, ప్రపోజల్ నింపే సాఫ్ట్‌వేర్ ఏపీటీలో స్మార్ట్ అకౌంటింగ్ అనే టైమ్ లెక్క బటన్ నొక్కి, అది చూపించిన మొత్తమే రాయి.

కోఆర్డినేట్ల విషయంలో నా మాట తప్పక విను. నా ముప్పై ఏళ్లప్పుడు ఒక పెద్ద టెలిస్కోప్ దగ్గర కష్టపడి రెండు రాత్రులు సంపాదించాను. టార్గెట్ స్థానం ఒక పాత కేటలాగ్ నుంచి తీసుకున్నాను, నక్షత్రం ఏటేటా జరిగే జరుగుడు కలపలేదు. స్లిట్‌లో, అంటే కాంతి లోపలికి వెళ్లే సన్నని సందులో, పడింది పక్కనున్న వేరే నక్షత్రం. అది తెలిసేసరికి ఆ సీజన్ అయిపోయింది. మిరి స్పెక్ట్రోమీటర్ చూపు అన్నిటికన్నా చిన్న ఛానెల్‌లో నాలుగు ఆర్క్‌సెకండ్లు కూడా ఉండదు. గయా ఉపగ్రహం కేటలాగ్ నుంచి స్థానం, ప్రాపర్ మోషన్ (ఏటేటా జరిగే ఆ జరుగుడు), ఆ స్థానం ఏ సంవత్సరానిదో మూడూ తీసుకుని ఏపీటీలో పెట్టు. తర్వాత అలాదిన్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆకాశం బొమ్మ మీద ఒక్కోదాన్నీ నీ కళ్లతో చూసుకో. అప్పర్ స్కార్పియస్ క్రాంతివృత్తం (ఆకాశంలో సూర్యుడు తిరిగే దారి) పక్కనే ఉంది కాబట్టి వెబ్‌కి అది ఏడాదికి రెండుసార్లు, దాదాపు యాభై రోజుల చొప్పున మాత్రమే కనబడుతుంది. అవసరం లేని షరతులు పెట్టి ఆ రోజులు కూడా తగ్గించకు.

గడువు అమెరికా తూర్పు తీరంలో రాత్రి 8 గంటలు, మనకి మర్నాడు పొద్దున అయిదున్నర. ఆ రాత్రి నువ్వు నిద్రపోవాలి. వారం ముందే ఒకసారి సబ్మిట్ చెయ్యి. గడువులోపు ఎన్నిసార్లైనా మళ్లీ పంపొచ్చు, చివరిగా పంపినదే లెక్కలోకి వస్తుంది. ఎర్రర్లు ఏమైనా ఉంటే వారం ముందే బయటపడతాయి, ఆఖరి గంటలో టెన్షన్ ఉండదు.

ఈలోగా ఒక పని చెయ్యి. ఆ మొదటి పేజీని మీ డిపార్ట్‌మెంట్‌లో ఈ సబ్జెక్ట్ తెలియని ఎవరికైనా ఇచ్చి, చదివాక నీ ప్రశ్న ఏంటో వాళ్ల మాటల్లో చెప్పమను. నువ్వు మధ్యలో సాయం చెయ్యకు. వాళ్లు ఎక్కడ తడబడ్డారో రాసుకో. కొత్త మొదటి పేజీతోపాటు ఆ కాగితం కూడా నాకు పంపు. ఆదివారం పొద్దున ఖాళీగానే ఉంటాను, ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి వాక్యం వాక్యం చూద్దాం. అమ్మని అడిగానని చెప్పు.

ప్రేమతో,
పెద్దమ్మ