మూడు వయసుల గోడలకు ఒకే ఎస్టిమేటా?

ప్రశ్న: మాది తెనాలి. నా వయసు 47. చేతికొచ్చే జీతం 62,000, పై పోర్షన్ అద్దె 7,000. ఇంటి ఖర్చులు 41,000. రెండేళ్లలో ఇంజినీరింగ్‌లో చేరబోయే అమ్మాయి కోసం నెలకు 15,000 ఆర్‌డీ కడుతున్నాను. 7 శాతం వడ్డీకి 7 లక్షల ఎఫ్‌డీలున్నాయి. మా ఇల్లు మూడు విడతల్లో కట్టింది. ముందు భాగం 1948లో తాతగారు కట్టించిన మద్రాస్ టెర్రస్ (చెక్క దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన కప్పు), ఇటుక సున్నం గోడలు. వెనక 1992లో పిల్లర్లు లేపి వేసిన రెండు స్లాబు గదులు. వాటి మీద 2019లో కట్టిన అద్దె పోర్షన్. పాత గోడలు కింద మూడడుగుల మేర చెమ్మెక్కి పొడి రాలుతున్నాయి. వెనక గదుల సీలింగ్ పెచ్చులూడి చువ్వలు కనపడుతున్నాయి. పై పోర్షన్‌లో బీముల కింద సన్నని పగుళ్లు వచ్చాయి. అన్నీ గీకి సిమెంటు ప్లాస్టరింగ్ చేసి వాటర్‌ప్రూఫ్ రంగు వేయడానికి మేస్త్రీ గుత్తకు 9.5 లక్షలు అడుగుతున్నాడు. బ్యాంకువాళ్లు 14 శాతానికి అయిదేళ్ల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. తమ్ముడేమో పడగొట్టి 30 లక్షల హోమ్ లోన్‌తో కొత్తది కట్టమంటున్నాడు. ఇల్లు ఇంకా తాతగారి పేరునే ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు తమ్ముడి మాట తేల్చేద్దాం. 30 లక్షలు 8.5 శాతానికి, మీకు 60 ఏళ్లు వచ్చేలోగా తీరేలా 13 ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 31,800. ఆర్‌డీ ఆపేసినా మీకు నెలకు మిగిలేది 28,000. పైగా ఇల్లు కడుతున్నన్నాళ్లూ అద్దె రాదు, మీరే ఎక్కడో అద్దె కట్టాలి. కుదరదు.

మేస్త్రీ అడిగిన 9.5 లక్షలూ పర్సనల్ లోన్ తీసుకుంటే ఈఎంఐ 22,100 పైచిలుకు, అయిదేళ్లలో వడ్డీయే సుమారు 3.76 లక్షలు. అంటే అమ్మాయి ఆర్‌డీకి కోత పెట్టాల్సిందే. అంతకన్నా పెద్ద చిక్కు, ఆ డబ్బులో ఒక భాగం ఇంటికి చెరుపు చేసే పనికి పోతుంది. మీ ఇంట్లో మూడు రకాల గోడలకు మూడు వేర్వేరు జబ్బులున్నాయి. మూడింటికీ సిమెంటు పూత ఒక్కటే మందంటే నమ్మకండి.

డబ్బు పెట్టే వరుస ఇది: ముందు నీరు ఎక్కడినుంచి వస్తోందో అది ఆపాలి, తర్వాత స్లాబు, ఆ తర్వాత పాత గోడలు, ఆఖరున రంగులు. రంగుల నుంచి మొదలుపెట్టిన ఇంట్లో రెండేళ్లకు మళ్లీ రంగులే వేయించాల్సి వస్తుంది.

1992 గదులతో మొదలుపెడదాం, ప్రాణాపాయం ఉన్నది అక్కడే కాబట్టి. పెచ్చులు ఎక్కువగా రాలిన చోటు పై పోర్షన్ బాత్రూమ్ కింద ఉందేమో చూడండి. ఉంటే తప్పు స్లాబుది కాదు, పైనుంచి దిగే నీటిది. లీకు ఏ పైపుదో టైల్స్ పగలగొట్టకముందే తెలుసుకోవచ్చు. ఒక రాత్రంతా ట్యాంకు నుంచి బాత్రూమ్‌కు వెళ్లే వాల్వు తెరిచే ఉంచండి, నీళ్లు మాత్రం వాడకండి. అయినా కింద చెమ్మ తగ్గకపోతే నీళ్ల పైపు మీద అనుమానం. తగ్గితే బాత్రూమ్ నేలలో నీళ్లు బయటికి పోయే నహనీ ట్రాప్‌లో రంగు కలిపిన నీళ్లు పోసి చూడండి, కింద ఆ రంగు దిగితే తప్పు ట్రాప్ చుట్టూ పూడ్చిన జాయింటుదే. బాత్రూమ్ విప్పాల్సి వస్తే వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు వేయించి, గోడల మీదికి కనీసం అడుగు ఎత్తు, షవర్ వైపు ఆరడుగులు ఎక్కించాలి. టైల్స్ పరిచే ముందు ట్రాప్ మూసి, అంగుళం లోతు నీళ్లు 48 గంటలు నిలబెట్టించండి. కింద మరక రాకపోతేనే ఆ పనికి డబ్బు ఇవ్వండి.

పెచ్చులు అన్ని చోట్లా రాలుతుంటే కారణం వేరు. ఆ రోజుల్లో చాలాచోట్ల చువ్వల కింద ఎడం కోసం పెట్టే కవర్ బిళ్లలు లేకుండా చువ్వలను నేరుగా సెంట్రింగ్ రేకుల మీద పరిచేవాళ్లు. కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు వాతావరణంలో కూడా చువ్వ కింద 20 మి.మీ. కాంక్రీటు ఉండాలి. అది పలుచగా ఉంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్, తేమ త్వరగా చువ్వను చేరి తుప్పు పట్టిస్తాయి. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఆ ఒత్తిడికే కాంక్రీటు పెచ్చు ఊడుతుంది. అలాంటి చోట ఊడినంత మేర గీకి సిమెంటు రుద్దితే లోపల తుప్పు పెరుగుతూనే ఉంటుంది, మళ్లీ అదే పెచ్చు ఇంకొంచెం పెద్దదై కింద పడుతుంది. మీ మేస్త్రీ ఎస్టిమేట్‌లో సీలింగ్‌కు రాసింది ఈ పనే.

సరైన పనికి ముందు కింద జాకీలు పెట్టాలి. ఆ గదుల్లో ఎవరూ పడుకోకూడదు. సుత్తితో తట్టి బోలు శబ్దం వచ్చే చోటల్లా, చువ్వ వెనక 15 నుంచి 20 మి.మీ. ఖాళీ వచ్చేదాకా కాంక్రీటు తీసేయాలి. చువ్వను వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకి జింక్ ప్రైమర్, ఆపైన బాండింగ్ కోటు వేసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌ను పొరలు పొరలుగా నింపాలి. గీకాక చువ్వ మందాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. 8 మి.మీ. చువ్వ 7 మి.మీ.కు దిగితే దాని కోత వైశాల్యంలో దాదాపు నాలుగో వంతు పోయినట్లే. అలాంటివి ఎక్కువుంటే అదనపు చువ్వలు కట్టాలా, స్లాబే మార్చాలా అనేది స్ట్రక్చరల్ ఇంజినీర్ తేల్చాలి. పై పోర్షన్ బరువును 1992 నాటి పిల్లర్లు మోస్తున్నాయి కాబట్టి ఆయన్ను పిలిచే ఖర్చు మిగుల్చుకోవాలని చూడకండి. ఈ మొత్తం వ్యవహారంలో అతి చవక ఖర్చు అదే.

2019 పోర్షన్ సంగతి చిన్నది. బీము కింద అడ్డంగా వచ్చే వెంట్రుక మందం పగులు, కాంక్రీటు, ఇటుక వేర్వేరుగా కుదించుకోవడం వల్ల వచ్చేది. దాన్ని వి ఆకారంలో కోసి, సాగే క్రాక్ ఫిల్లర్ నింపి, రెండు వైపులా ఆరేసి అంగుళాలు పరుచుకునేలా మెష్ అంటించి, పైన లప్పం పెడితే చాలు. 5 మి.మీ. మించిన పగులుంటే, లేదా మూల నుంచి మూలకు ఏటవాలుగా పోతుంటే ఇంజినీర్‌కు చూపండి. కొత్త అపార్ట్‌మెంట్లు కొన్న పాఠకులకు ఒక మాట: రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఇల్లు అప్పగించిన నాటినుంచి అయిదేళ్ల లోపు నిర్మాణ లోపాన్ని తెలియజేస్తే, బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. పగులు కనపడిన రోజే ఫొటోలతో రాతపూర్వకంగా పంపండి. మీది సొంతంగా కట్టించుకున్నది కాబట్టి ఇది మీకు వర్తించదు.

ఇక 1948 గోడలు. వీటికి సిమెంటు ప్లాస్టరింగ్ వద్దంటున్నది డబ్బు మిగల్చడానికి కాదు. సున్నం గోడ కింద నేల నుంచి తేమ పీల్చి పైనుంచి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు, ఆపైన ప్లాస్టిక్ పెయింటు వేస్తే తేమకు బయటికి దారి ఉండదు. ఇంకా పైకెక్కుతుంది. మూడడుగుల మరక అయిదడుగులవుతుంది. నీటితో వచ్చిన ఉప్పు ప్లాస్టరింగ్ వెనక గట్టిపడి, మెత్తటి పాత ఇటుక ముఖాన్నే పెళ్లగిస్తుంది. రెండు మూడు వానాకాలాలు గడిచాక సిమెంటు పలకలు పలకలుగా ఊడొస్తుంది, దాంతో పాటు ఇటుకా వస్తుంది.

మరి ఇన్నేళ్లు బాగున్న గోడకు ఇప్పుడెందుకు చెమ్మ? మీ వీధి సీసీ రోడ్డు ఎన్నిసార్లు ఒకదాని మీద ఒకటి వేశారో, వాకిలి ఎన్నిసార్లు ఎత్తు చేశారో గుర్తు తెచ్చుకోండి. బయటి నేల ఇంటి గచ్చు స్థాయికి వచ్చి ఉంటే చెమ్మకు అదే దారి. గోడను ఆనుకుని ఉన్న మట్టిని లోపలి గచ్చుకన్నా కనీసం 6 అంగుళాలు దిగేలా తీయించి, బయటికి వాలుతో రెండు మూడడుగుల పట్టీ, దాని పక్కన కాలవ కట్టించండి. మీది నల్లరేగడి నేల. ఎండకు కుంచించుకుపోయి వానకు ఉబ్బుతుంది కాబట్టి పునాది పక్కన నీరు నిలవకపోతే పగుళ్లూ తగ్గుతాయి. కిటికీ మూలల్లో పగుళ్లుంటే రెండు చివర్లా పెన్సిల్ గీత, పక్కన తేదీ పెట్టండి. మేలో తెరుచుకుని సెప్టెంబరులో మూసుకుంటుంటే అది నేల కదలిక. సిమెంటుతో బిగిస్తే పక్కన ఇంకోటి వస్తుంది.

మట్టి తీశాక ఒక వానాకాలం గడవనిచ్చి, నవంబరు–ఫిబ్రవరి మధ్య గోడ పని పెట్టుకోండి. పొడి రాలే పాత పూతను చెమ్మ మరకకన్నా ఒకటిన్నర అడుగు పైదాకా తీసేయాలి. ఉప్పును పొడి బ్రష్‌తో దులపాలి. కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. ఇటుకల మధ్య దర్జులను చేతి ఉలితో 20 నుంచి 25 మి.మీ. లోతు తీయాలి, గ్రైండర్ పెట్టనివ్వకండి. దర్జులు, పూత రెండింటికీ నానబెట్టి మాగిన సున్నం 1, ఇసుక 3 పాళ్లు. తేమ ఎక్కువున్న చోట ఇసుకలో కొంత తీసేసి ఇటుక పొడి కలపొచ్చు. ఒక్కో పొర 10 మి.మీ. మించకూడదు. సున్నం గాలి తగిలి మెల్లగా గట్టిపడే సరుకు కాబట్టి కనీసం వారం పాటు నీటి తుంపర్లు, ఎండ తగలకుండా గోనె పరదా అవసరం. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరక్కపోతే సిమెంటు 1, సున్నం 2, ఇసుక 9 పాళ్లతో సర్దుకోవచ్చు. అంతకన్నా గట్టి మిశ్రమం వద్దు. పైన సున్నమే కొట్టించండి, ఎమల్షన్ కాదు.

టెర్రస్ మీద కాంక్రీటు వేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. రెండంగుళాల పొర 100 చదరపు అడుగులకు టన్నుకు పైగా బరువు పెడుతుంది. దూలాల చివర్లు గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. సులువుగా దిగితే చెదో, కుళ్లో పట్టినట్టు. అప్పుడు ఆ దూలం మార్చే ఖర్చు అన్నిటికన్నా ముందుకొస్తుంది.

ఇక డబ్బు సర్దుబాటు. 7 లక్షల్లో ఆరు నెలల ఖర్చుకు 2.5 లక్షలు, అమ్మాయి మొదటి ఏడాదికి 2 లక్షలు కదపకూడదు. మిగిలిన 2.5 లక్షలు ఇంటికి. ఈ వేసవిలో చేయాల్సినవాటికి ఇలా గీత గీసుకోండి: ఇంజినీర్, బాత్రూమ్, మట్టి–కాలవ కలిపి 1.1 లక్షలు, స్లాబు 2.7 లక్షలు, అనుకోని వాటికి 70,000. మొత్తం 4.5 లక్షలు. ఇవి నేను పెడుతున్న పరిమితులు. ఇంజినీర్ కొలతలతో ఇద్దరు మేస్త్రీల దగ్గర రేట్లు తీసుకుని సరిచూసుకోండి, స్లాబు మార్చాలని తేలితే ఈ లెక్క మొత్తం మళ్లీ వేయాలి.

తక్కువపడే 2 లక్షలకు పర్సనల్ లోన్ వద్దు. ఇల్లు తాతగారి పేరునే ఉంది కాబట్టి ఇంటి తాకట్టు మీద మరమ్మతు రుణం తేలిగ్గా రాదు. మిగిలిన 4.5 లక్షల ఎఫ్‌డీల మీద ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీ రద్దు చేయకుండా దాని హామీ మీద కావాల్సినంత వాడుకునే అప్పు) తీసుకోండి. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీకి 1 శాతం కలుపుతారు, అంటే మీకు 8 శాతం. 24 నెలల్లో తీర్చేలా నెలకు సుమారు 9,050 కడితే వడ్డీ మొత్తం 17,000 దాటదనుకోండి, ఓ వంద అటూ ఇటూ. అదే 2 లక్షలు 14 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ అయితే వడ్డీ 46,000. ఎఫ్‌డీ విలువలో 90 శాతం వరకు లిమిట్ ఇస్తే, వాడని సగం అత్యవసరానికి అందుబాటులోనే ఉంటుంది. ఆర్‌డీ పోగా మీకు మిగిలే 13,000లో ఈ కంతు పోతే ఇంకా 3,950 ఉంటుంది. ఏడాదికి అది 47,000. దానికి వాడని 70,000 కలిస్తే శీతాకాలం సున్నం పనికి కొత్త అప్పు అక్కర్లేదు. ఆ 70,000 స్లాబుకే ఖర్చయితే పాత గోడలను ఇంకో ఏడాది ఆపండి. అవి ఆగగలవు.

గుత్తకు ఇవ్వకండి. సామాను మీరే కొని, పని చదరపు అడుగుల లెక్కన ఇవ్వండి. 1992, 2019 భాగాల బయటి గోడకు సిమెంటు 1, ఇసుక 4 పాళ్లలో 20 మి.మీ. ప్లాస్టరింగ్ చేయిస్తే 100 చదరపు అడుగులకు ఒకటిన్నర బస్తా సిమెంటు, ఏడెనిమిది ఘనపుటడుగుల ఇసుక పడుతుంది. దీన్ని మించి అడిగితే గోడ వంకరైనా ఉండాలి, సరుకు పక్కదారైనా పట్టాలి. అడ్వాన్స్ పదో వంతు, చివరి పదో వంతు మొదటి పెద్ద వాన పడ్డాక.

పన్ను ఊరట మీద ఆశ పెట్టుకోకండి. పాత పన్ను విధానంలో ఉంటే సొంతంగా ఉంటున్న ఇంటి మరమ్మతు అప్పు వడ్డీకి ఏటా 30,000 వరకు మినహాయింపు ఉంది, కొత్త విధానంలో లేదు. అప్పు అసలు తీర్చే కంతులకు ఇచ్చే పన్ను మినహాయింపు (80సీ) మరమ్మతులకు వర్తించదు. అద్దె పోర్షన్‌కు ఎలాగూ 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ ఇస్తారు, బాత్రూమ్ బిల్లు విడిగా చూపలేరు. అయినా బిల్లులన్నీ దాచండి. స్లాబు మార్చడం లాంటి పెద్ద పని అయితే రేపు అమ్మినప్పుడు ఇంటి ఖరీదుకు కలుపుకునే వీలుంది. పూతలకు, రంగులకు ఉండదు.

చివరగా తమ్ముడు. తాతగారి ఇంట్లో ఆయనకూ వాటా ఉంటే, మీరు పెట్టే ప్రతి రూపాయిలో కొంత ఆయన వాటాకు చేరుతుంది. ఎవరెంత పెట్టారు, పంచుకునేటప్పుడు దాన్ని ఎలా లెక్కలోకి తీసుకుంటారు అనేది ఇద్దరూ సంతకాలతో రాసుకోండి. స్లాబు ఆగదు కాబట్టి దాని పని మొదలుపెట్టండి. పాత గోడల పనికి మాత్రం ఆ కాగితం చేతికొచ్చాకే డబ్బు తీయండి.